మందు కొట్టినకొద్దీ దోమ ఎందుకు పెరుగుతోంది?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి అర్థం కావాలి కదా. తణుకు దగ్గర మీ నాన్నగారు నాలుగెకరాలు కౌలుకి చేస్తున్నారు. సార్వాకి స్వర్ణ అనే వరి రకం ఊడ్చారు. ఇప్పుడు చేను ఈనిక మీద ఉంది, అంటే కంకులు బయటికి వస్తున్నాయి. సుడిదోమకి ఇప్పటికి నాలుగుసార్లు మందు కొట్టారు. కొట్టిన ప్రతిసారీ నాలుగు రోజులు తగ్గుతోంది, పది రోజులు తిరిగేసరికి ముందుకంటే ఎక్కువ కనపడుతోంది. గట్టు అవతల చేనాయన ఒక్కసారే కొట్టారు, ఆయన చేను నిలబడే ఉంది. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ నాన్నగారి గురించి టెన్షన్ పడుతున్నారు. మందు నకిలీదా, దోమకి మందు అలవాటైపోయిందా, ఇంతకంటే బలమైన మందు ఏదైనా ఉందా అని అడిగారు.

నేను వ్యవసాయ శాఖలో ముప్ఫై ఏళ్లకి పైగా పనిచేసి రిటైరయ్యాను. అందులో పదేళ్లు పొలంబడులు, అంటే రైతులు చేలోనే కూర్చుని నేర్చుకునే బడులు, నడిపించాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

నకిలీ మందైతే ఆ నాలుగు రోజులు కూడా తగ్గదు. కాబట్టి ఆ అనుమానం పక్కన పెట్టండి. అలవాటు పడటం మాత్రం నిజమే. ఇమిడాక్లోప్రిడ్ అనే మందు వచ్చిన కొత్తల్లో సుడిదోమ మీద బ్రహ్మాండంగా పనిచేసింది, 2000ల మధ్యకి వచ్చేసరికి ఆసియాలో చాలాచోట్ల దాని పవర్ పడిపోయింది. కానీ మీ చేలో అదే అసలు కారణమైతే, గట్టు అవతల ఉన్నది కూడా అదే దోమ కదా. దానికీ అలవాటై ఉండాలి. రెండు చేలలో దోమ ఒకటే అయినప్పుడు తేడా దోమలో వెతికితే దొరకదు. దోమ చుట్టూ ఎవరున్నారు, ఎవరు లేకుండా పోయారు అన్నది చూడాలి.

సుడిదోమ గురించి మీకు తెలియకపోవచ్చు, మీరు చేలోకి దిగి చాలా ఏళ్లయినట్టుంది. గోధుమ రంగులో బియ్యపు గింజకంటే చిన్నగా ఉంటుంది. వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా కూర్చుని రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే చేను పచ్చగానే కనపడుతుంది. ఒకరోజు హఠాత్తుగా మధ్యలో గుండ్రంగా ఎండిపోయిన మచ్చ కనపడుతుంది, అది సుడి తిరిగినట్టు వెడల్పవుతుంది. అందుకే ఆ పేరు. మనవాళ్లు దోమపోటు అంటారు. ఒక్క ఆడదోమ రెండు మూడు వందల గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లని ఆకు తొడుగు కణజాలంలోకి గుచ్చి పెడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా ఇక్కడే తిరుగుతుంది. పైన పడిన మందు చాలామటుకు ఆ గుడ్డుని తాకదు. వారం, తొమ్మిది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలొస్తాయి.

ఇప్పుడు మీ నాన్నగారి మందులు లెక్కపెట్టండి. మొదటిసారి కొట్టారు, పెద్ద దోమలు చచ్చాయి, గుడ్లు బతికాయి. దోమతో పాటు చచ్చింది ఇంకెవరు? నీటి మీద పరుగులు తీసే సాలీళ్లు, ఆకుపచ్చగా సన్నగా ఉండే మిరిడ్ నల్లులు, నేల మీద తిరిగే పెంకు పురుగులు. మిరిడ్ నల్లి ఆకు తొడుగులోకి సూది లాంటి మూతి పెట్టి ఆ గుడ్లనే పీల్చేస్తుంది. మందు చేరలేని చోటికి చేరేది అదొక్కటే అనుకోండి, దానికి తోడు కంటికి సరిగా ఆనని చిన్న కందిరీగలు. వీటన్నిటినీ మొదటి ట్యాంకుతోనే ఊడ్చేశారు. వారం తర్వాత గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేసరికి కాపలా లేని ఇల్లు దొరికింది. రెండోసారి కొట్టారు, మళ్ళీ అదే. దోమ నెల తిరక్కుండా ఒక తరం పూర్తి చేస్తుంది, వందల్లో పెడుతుంది. సాలీడుకి ఆ వేగం లేదు. అది గుడ్ల సంచిని ఒంటికి కట్టుకుని తిరుగుతుంది, పిల్లలు పుట్టాక కొన్నాళ్లు వీపు మీద మోస్తుంది. ఈ పరుగుపందెంలో మందు కొట్టిన ప్రతిసారీ దోమే ముందుంటుంది.

ఇంకొకటి కూడా ఉంది. కొన్ని మందులు చావుకి సరిపోని మోతాదులో తగిలితే దోమ ఇంకా ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1980 ప్రాంతంలో చెల్లయ్య, హైన్రిక్స్ అనే శాస్త్రవేత్తలు డెల్టామెత్రిన్, మిథైల్ పారాథియాన్ లాంటి వాటితో ఇది చూపించారు. అందుకే డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వరిలో దోమ ఉండగా కొట్టొద్దని మొత్తుకుంటాం. మీ నాన్నగారు కొట్టిన నాలుగింటిలో ఆకుముడత పురుగుకని చెప్పి ఇచ్చిన డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. దాని మీద పేరు చదివి చెప్పమనండి. నా అనుమానం దాని మీదే.

ఈ అనుమానం ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక రైతుకి నేనే అలాంటి మందు రాసిచ్చాను. ఆకులు ముడుచుకుని తెల్లగా చారలు పడ్డాయి, చూడటానికి భయంగా ఉంది, ఆయన మొహం ఇంకా భయంగా ఉంది. కొట్టారు. మర్నాడు కలుపు తీయడానికి దిగిన ఒక పెద్దావిడ గట్టెక్కి, ‘‘నీళ్ల మీద సాలీళ్లన్నీ తేలిపోయాయండీ’’ అంది. నేను పట్టించుకోలేదు. సాలీళ్లు చస్తే మనకేం అనుకున్నాను, అప్పటికి నా చదువు అంతే. ఐదు వారాల తర్వాత అదే చేలో సుడి పడింది. కోతకి సగం చేను మిగిలింది. ఆకుముడతకి వదిలేసి ఉంటే ఆ వయసు పైరు తనంతట తనే కొత్త ఆకులు వేసుకుని తేరుకునేది. ఆ పెద్దావిడ చెప్పిన మాటలో ఎంత ఉందో అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది.

సాలీడు సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని సగమే అర్థం చేసుకుంటారు. ఊడ్చిన కొత్తల్లో చేలో దోమ ఉండదు. మరి సాలీడు ఏం తిని బతుకుతుంది? ఇండోనేషియాలోని జావాలో 1990ల్లో విలియం సెటిల్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన పని దీనికి జవాబిచ్చింది. దమ్ము చేసిన మట్టిలో కుళ్లే గడ్డీ గాదం, పేడ, వాటి మీద బతికే సూక్ష్మజీవులు. వాటిని తిని పెరిగే మెత్తటి చిన్న ఈగలు, సాయంత్రం చేను మీద పొగలా లేచేవి, అవి ఎవరికీ కీడు చేయవు, మేలూ చేయవు అనుకుంటాం. సాలీళ్లకి మొదటి నెల కూడు అవే. పశువుల ఎరువు వేసిన మళ్లలో ఆ ఈగలు ఎక్కువ, సాలీళ్లూ ఎక్కువ. అంటే దోమ రాకముందే కాపలా తయారై కూర్చుంటుంది. ఊడ్చిన ఇరవై రోజులకే ‘ముందు జాగ్రత్త’గా గుళికలు, మందు వేస్తే చచ్చేది ఆ ఈగలు, ఆ సాలీళ్లు. అప్పటికి దోమ ఇంకా ఊళ్లోకే రాలేదు. పేడ ఎరువు దోమని ఆపుతుందని మా తాతగారు అంటే నవ్వేవాణ్ణి. ఆయన కారణం చెప్పలేకపోయాడు గానీ మాట తప్పు కాదు.

ఇక్కడ ఒక మాట. మేం ‘మిత్ర పురుగులు’, ‘శత్రు పురుగులు’ అని రంగుల పోస్టర్లు వేసి గోడలకి అంటించాం. నాకిప్పుడు ఆ మాటలు అంతగా నచ్చవు. సాలీడు మన మిత్రుడేం కాదు, దానికి మనం ఎవరో తెలియదు. అది మిరిడ్ నల్లినీ తింటుంది, ఇంకో సాలీణ్ణీ తింటుంది. పైగా చేలో దోమ ఒక్కటి కూడా మిగలకూడదని పట్టుపడితే సాలీడు ఎందుకుంటుంది చెప్పండి? తిండి లేని ఇంట్లో ఎవరూ ఉండరు. దుబ్బుకి నాలుగైదు దోమలున్న చేను నాకు భద్రంగా కనపడుతుంది. అసలేమీ కదలని చేను చూస్తే భయమేస్తుంది.

దోమ కూడా ఒంటరిది కాదు. వరి రసంలో చక్కెర దండిగా ఉంటుంది గానీ ఒంటికి పట్టే బలం తక్కువ. దోమ శరీరంలో కొవ్వు కణాల్లో ఈస్ట్ లాంటి సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. దోమకి కావలసిన అమైనో ఆమ్లాల్లో లోటు ఉన్నవి అవి తయారుచేసి ఇస్తాయి. తల్లి నుంచి గుడ్డులోకి వారసత్వంగా వెళ్తాయి. మనం ఒక పురుగు అని వేలు పెట్టి చూపిస్తున్నది నిజానికి ఉమ్మడి కాపురం. యూరియా కట్టలు ఎక్కువ పడి చేను నల్లగా తిరిగినప్పుడు వరి రసంలోనే ఆ బలం పెరుగుతుంది. అప్పుడు దోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది, ఎక్కువ పిల్లలు బతుకుతాయి. మీ నాన్నగారు ఎకరాకి యూరియా ఎన్ని కట్టలు వేశారో మీరు రాయలేదు, అవతలి ఆయన ఎన్ని వేశారో కూడా. నేనైతే మందు గురించి అడిగే ముందు అదే అడుగుతాను.

రెక్కల సంగతి ఇంకా చిత్రం. సుడిదోమలో పొట్టి రెక్కలవి, పొడుగు రెక్కలవి రెండు రకాలు. ఒకే తల్లి పిల్లలు రెండు రకాలుగానూ కావచ్చు. చుట్టూ తిండి బాగుండి, జనం పల్చగా ఉంటే పొట్టి రెక్కలు వస్తాయి, అది కదలకుండా కూర్చుని గుడ్లు పెట్టే రకం. గుంపు ఎక్కువై, దుబ్బు వడలిపోతుంటే పెరిగే పిల్లలకి పొడుగు రెక్కలు వస్తాయి, ఎగిరి ఇంకో చేనుకి పోతాయి. 2015లో చైనా శాస్త్రవేత్తలు దీని వెనక రెండు ఇన్సులిన్ గ్రాహకాలు పనిచేస్తున్నాయని చూపించారు. మనకి షుగర్ జబ్బులో వినపడే ఇన్సులిన్ కుటుంబమే. పక్కన ఎంతమంది ఉన్నారు, తిండి ఎలా ఉంది అన్నది దాని ఒళ్ళే మార్చేస్తోంది. మీకు పనికొచ్చే సంగతి ఏంటంటే, దుబ్బు తట్టినప్పుడు పొట్టి రెక్కలవి ఎక్కువ కనపడితే అవి అక్కడే స్థిరపడి పిల్లల్ని పెట్టబోతున్నాయని అర్థం. పొడుగు రెక్కలవి ఎక్కువైతే అవతలి ఆయన్ని హెచ్చరించాలి.

వరి మొక్క కూడా ఊరికే నిలబడి తినిపించుకోదు. దోమ రసం పీల్చడం మొదలుపెట్టాక మొక్క నుంచి వచ్చే వాసనలు మారతాయి. ఆ వాసన పట్టుకుని దోమ గుడ్లలో తన గుడ్లు పెట్టే కందిరీగ వెతుక్కుంటూ వస్తుందని 2005లో చైనాలోనే తేల్చారు. గట్టు మీద నువ్వులు వేయమని మేం చెప్పేది ఈ కందిరీగ కోసమే, పూల తేనె తాగితే అది ఎక్కువ రోజులు బతుకుతుంది. చైనా, థాయ్‌లాండ్, వియత్నాంలలో రైతుల చేలలో గట్ల మీద పూల మొక్కలు పెంచి చూశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. పురుగుమందు వాడకం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. మన డెల్టాలో గట్టు మీద కంది, బంతి కనపడుతుంటాయి గానీ నువ్వులు వేసినవాళ్లు తక్కువ. గట్టంతా గడ్డిమందు కొట్టి బోడిగా ఉంచడం శుభ్రం అనుకుంటున్నారు ఈ మధ్య.

సుడిదోమ ఎప్పటినుంచో ఇంత పెద్ద బెడద కాదు. 1960ల దాకా ఉష్ణమండల దేశాల్లో దీన్ని పెద్దగా లెక్కచేసేవాళ్లు కాదు. ఎరువులు, మందులు, ఏడాదికి రెండు పంటలు వచ్చాక విరుచుకుపడింది. కేరళలో 1973–74లో పెద్ద దెబ్బ కొట్టింది. అప్పుడందరూ తట్టుకునే రకం ఉంటే చాలనుకున్నారు. ఫిలిప్పీన్స్‌లో 1973లో ఐఆర్ 26 అనే వరి రకం విడుదల చేశారు, రెండు మూడేళ్లలోనే దాన్ని కూడా తినగల దోమ తయారైంది. ఇండోనేషియా కథ మాత్రం అందరూ తెలుసుకోవాలి. అక్కడి ప్రభుత్వం పురుగుమందులకి భారీ సబ్సిడీ ఇచ్చేది, ఖరీదులో ఎక్కువ భాగం తనే భరించేది. 1984కి బియ్యంలో స్వయంసమృద్ధి సాధించామని ప్రకటించుకుంది. ఆ వెంటనే జావాలో సుడిదోమ చెలరేగింది. పీటర్ కెన్‌మోర్ లాంటి శాస్త్రవేత్తలు అప్పటికే చేలలో లెక్కలు కట్టి, మందు కొట్టిన మళ్లలోనే దోమ విపరీతంగా పెరుగుతోందని చూపిస్తున్నారు. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఒక్క ఉత్తర్వుతో 57 రకాల పురుగుమందులని వరిలో వాడకుండా నిషేధించారు. సబ్సిడీ 1989 నాటికి ఎత్తేశారు. పంట పడిపోలేదు. రైతులు చేలోనే కూర్చుని నేర్చుకునే బడులు ఆ ఏడే అక్కడ మొదలయ్యాయి. మన పొలంబడి దాని పిల్లే.

పొలంబడి అంటే ఉపన్యాసం కాదు. వారానికోసారి పొద్దున్నే ఇరవై, పాతికమంది చేలోకి దిగి, గుంపుకి పది దుబ్బుల చొప్పున తట్టి చూసి, గట్టెక్కి చార్టు మీద బొమ్మ గీయాలి. మధ్యలో వరి దుబ్బు, ఒక పక్క తినేవి, ఇంకో పక్క వాటిని తినేవి, కింద నీరు, పైన ఎండో మబ్బో. తర్వాత వాదించుకోవాలి. మేం రెండు కుండీల్లో దుబ్బులు పెట్టి దోమతెర కట్టేవాళ్లం. రెండింట్లో ఇరవైయేసి దోమలు వదిలి, ఒక దాంట్లో మాత్రం రెండు సాలీళ్లని వేసేవాళ్లం. నాలుగో రోజు తెర తీస్తే సాలీళ్లున్న కుండీలో దోమల కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. ఒకసారి అది చూసి ఒకావిడ, ‘‘కోడలి చాకిరీ లాంటిదండీ దీనిది, లేనినాడు గానీ తెలవదు’’ అంది. అందరూ నవ్వారు. నేను ఎన్ని స్లైడ్లు వేసినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది.

ఇంతవరకు చేను లోపలి సంగతి. చేను బయట కూడా ఇలాంటి అల్లికే ఉంది, నాన్నగారు దాని మధ్యలో చిక్కుకున్నారు. ఇది చెప్పకుండా వదిలేస్తే నా జవాబు సగమే.

ఆయన కౌలు రైతు. ఎకరాకి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకున్నారు, చేను పోయినా అవి కొలవాలి. మందు ఇచ్చిన కొట్టాయన అప్పు ఖాతాలో రాసుకుంటాడు, కోతయ్యాక ధాన్యం దగ్గర సర్దుకుంటాడు. అంటే సలహా, సరుకు, అప్పు మూడూ ఒకే మనిషి దగ్గర. నేను ఆయన్ని దుర్మార్గుడని అనను. రాత్రి ఏడింటికి చేను గురించి భయమేసినప్పుడు తలుపు తీసి ఉండేది ఆ కొట్టు ఒక్కటే, మా ఆఫీసు ఐదింటికే మూసేవాళ్లం. కానీ ఆ కొట్లో ‘ఈ వారం ఏమీ కొట్టకండి’ అన్న సలహా ఎన్నాళ్లకీ దొరకదు, దాన్ని డబ్బాలో పోసి అమ్మలేరు కదా.

ఇక పక్కవాళ్లు. స్ప్రేయర్ మోత ఊళ్లో ఒక చేలో మొదలైతే సాయంత్రానికి నాలుగు చేలలో వినపడుతుంది. దుబ్బు తట్టి లెక్క చూసి కొట్టినవాళ్లు నూటికి ఎంతమంది ఉంటారో గానీ, మోత విని కొట్టినవాళ్లని నేను కోకొల్లలుగా చూశాను. కొట్టకపోతే, చేను పోతే, ‘చూస్తూ కూర్చున్నాడు’ అంటారు. కొట్టాక పోతే ‘పాపం, చేయాల్సిందంతా చేశాడు’ అంటారు. ఈ రెండో మాట కోసం పెట్టే ఖర్చు తక్కువేం కాదు.

మీరు కూడా అందులో ఉన్నారు, ఏమీ అనుకోకండి. రోజూ ఫోన్ చేసి ‘మందు కొట్టారా నాన్నా’ అని అడిగి ఉంటారు. ప్రేమతోనే అడిగారు. ఆయనకి అది ఇంకో ఒత్తిడి అయి ఉంటుంది, కొడుకు దగ్గర కొట్టానని చెప్పాలి కదా. ఈసారి ‘దుబ్బుకి ఎన్ని ఉన్నాయి, సాలీళ్లు ఎన్ని కనపడ్డాయి’ అని అడగండి. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1994లో ఒక ప్రయత్నం చేశారు. రేడియోలో, పోస్టర్లలో ఒకే మాట, విత్తిన మొదటి 40 రోజులు ఆకు తినే పురుగులకి మందు కొట్టొద్దు, నమ్మకపోతే మీ చేలో చిన్న ముక్కలో కొట్టకుండా వదిలి చూడండి అని. కొట్టడం బాగా తగ్గింది, పంటకి నష్టం రాలేదు. అక్కడ రైతుల భయం తగ్గించింది కొత్త మందు కాదు, వదిలేసిన ఆ చిన్న ముక్క.

ఇంకొకటి నీరు. దోమకి మొదటి వైద్యం చేను ఆరగట్టడం. కానీ డెల్టాలో నీరు చేను నుంచి చేనుకి గండి ద్వారా పారుతుంది. పై చేనాయన నీరు వదులుతుంటే మీ నాన్నగారు ఒక్కరే ఎలా ఆరగడతారు? కింది చేనాయన ‘నాకు నీరు కావాలి’ అంటే గండి ఎలా మూస్తారు? ఇది ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడుకుంటే గాని జరగదు. ఏదైనా పాత తగాదా ఉంటే దోమకి అదే పండగ. ఒక ఊళ్లో గట్టు గొడవ వల్ల అన్నదమ్ములు మాట్లాడుకోక, నీరు తీయక, ఇద్దరి చేలూ పోయాయి. కాయితాల మీద మాత్రం ‘సుడిదోమ వల్ల నష్టం’ అని రాశాం.

ఇప్పుడు చేయాల్సింది. చేను ఈనిక మీద ఉంది కాబట్టి సాలీళ్లు వచ్చి కాపాడతాయి, ఆగండి అని నేను చెప్పను. నాలుగు మందుల తర్వాత అవి తిరిగి రావడానికి టైం లేదు. రేపు సాయంత్రం నాన్నగారిని చేనుకి అడ్డంగా నడుస్తూ ఇరవై దుబ్బులు తట్టి చూడమనండి. నీళ్ల మీద పడినవి లెక్కపెట్టాలి. ఈ దశలో దుబ్బుకి సగటున 20–25 దాటితేనే మందు. పిలక దశలో అయితే 10–15. సాలీళ్లు, మిరిడ్ నల్లులు బాగా కనపడితే ఇంకో మూడు రోజులు ఆగి మళ్ళీ చూడొచ్చు.

లెక్క దాటితే పైమెట్రోజిన్ అనే మందు లీటరు నీటికి 0.6 గ్రాములు. ఎకరాకి 200 లీటర్ల నీరు తగ్గకూడదు. అంతకంటే ముఖ్యం, చేనుని పాయలు తీసి దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టాలి. ఆకుల మీద పైపైన కొట్టి వెళ్లిపోతే మందు డబ్బులు, కూలి డబ్బులు రెండూ దండగ. పైమెట్రోజిన్ దోమని రసం పీల్చకుండా చేసి మాడ్చి చంపుతుంది, అందుకే మర్నాడు చూస్తే దోమ బతికే ఉంటుంది. పనిచేయలేదని కంగారుపడి ఇంకోటి కొట్టొద్దు, నాలుగు రోజులు ఆగండి. సాలీళ్లకి దీనివల్ల హాని తక్కువ. రెండు మూడు మందులు కలిపి కొట్టించుకోవద్దు, కొట్టాయన ‘ఇది కూడా వేయండి, గింజ బరువొస్తుంది’ అన్నా సరే. చేతికి తొడుగు, ముక్కుకి గుడ్డ లేకుండా ట్యాంకు ఎత్తొద్దని గట్టిగా చెప్పండి.

నీరు తీసి రెండు రోజులు ఆరగట్టండి, నేల నెర్రెలు విచ్చేదాకా మాత్రం వద్దు, గింజ పాలు పోసుకునే సమయం ఇది. యూరియా ఇక ఒక్క గుప్పెడు కూడా వద్దు.

వచ్చే సార్వాకి రకం మార్చడం గురించి ఆలోచించండి. స్వర్ణ దోమని తట్టుకోదు. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 1061, ఎంటీయూ 1064 లాంటివి కొంత తట్టుకుంటాయి. ఊడ్చేటప్పుడే రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు మొదళ్లకి తగులుతాయి, మందు కొట్టాల్సి వచ్చినా మనిషి దిగడానికి దారి ఉంటుంది. కూలీలు చిరాకు పడతారు, తాడు పట్టుకుని నిలబడితే చేస్తారు. ఊడ్చిన మొదటి 40 రోజులు ఆకు తినే పురుగులకని చెప్పి డబ్బా ఏదీ ఇంటికి తేవద్దు. నాలుగెకరాల్లో ఒక్క పది సెంట్లైనా ఏమీ కొట్టకుండా వదలమనండి, నాన్నగారు నా మాట నమ్మక్కర్లేదు, ఆ పది సెంట్లు చూసుకుంటారు.

లెక్క చూశాక ఇక్కడ పెట్టండి. దోమలు ఎన్ని, వాటిలో పొట్టి రెక్కలవి ఎన్ని, సాలీళ్లు ఎన్ని, ఇప్పటిదాకా కొట్టిన నాలుగు డబ్బాల పేర్లు, యూరియా కట్టలు. అవతలి చేనాయన్ని కూడా అడిగి ఆయన చేలో పది దుబ్బులు తట్టి చూడనివ్వమనండి. ఇద్దరూ కలిసి తట్టి చూస్తే మరీ మంచిది, నీరు తీసే మాట కూడా అక్కడే గట్టు మీద తేలిపోతుంది.